మూడు సిలిండర్లలో పని మానేసింది ఏది?

కార్తీకం దాటాక ఉండి, ఆకివీడు, గణపవరం వైపు ఊళ్ళలో తెల్లవారుజామున పంటకాలువల మీదా చేపల చెరువుల మీదా మంచు దట్టంగా దిగుతుంది. సాయంత్రం ఆరిన బట్టను దండెం మీదే వదిలేస్తే పొద్దునకి చెమ్మగిల్లుతుంది. ఇక్కడి పాత కార్లు ఎక్కువగా పేచీ పెట్టేది ఆ రోజుల్లోనే. రాత్రి మామూలుగా వచ్చి షెడ్డులో నిలబడ్డ మారుతి 800కి పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది కానీ అందుకోదు. అందుకున్నా బండంతా వణుకుతూ మిస్సింగ్ కొడుతుంది. ఎండ ఎక్కేసరికి అదే బండి శుభ్రంగా నడుస్తుంది. భీమవరం తీసుకెళ్ళి మేస్త్రీకి చూపిస్తే ఆయన బానెట్ ఎత్తి, కాసేపు ఇంజను విని, "బాగానే ఉంది కదండీ" అంటాడు. ఆయన తప్పేం లేదు. బండి అక్కడికి చేరేసరికి లోపం నిజంగానే లేదు.

చిన్న లోపాల్లో చాలా వాటి తీరు ఇదే. ఒకటి మంచు వేళకి వస్తుంది, ఒకటి మే నెల మధ్యాహ్నం వస్తుంది, ఒకటి వారం రోజులు బండి కదలకపోతే వస్తుంది. వాటిని కళ్ళారా చూసేది ఇంట్లోవాళ్ళే. అందుకే పాత కారు లోపం ఏమిటో తేల్చే పని ఇంటి దగ్గర జరగడమే మేలని నా గట్టి నమ్మకం. విప్పడం, బిగించడం మేస్త్రీకే వదిలేయొచ్చు. ఏది విప్పాలో తేల్చడానికి మాత్రం కొంచెం ఫిజిక్స్, కొంచెం ఓపిక చాలు.

పాత బండ్లు అందుకు బాగా లొంగుతాయి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800, 1958 నుంచి తయారైన అంబాసిడర్, రెండూ 2014లోనే ఉత్పత్తి ఆగిపోయిన బండ్లు. వాటి పాత మోడళ్ళలో కార్బురేటర్, డెల్కో (డిస్ట్రిబ్యూటర్), కాయిల్, ప్లగ్గులు అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. పెట్రోలు ఇంజనుకి కావలసినవి నాలుగే: సరిపడా గాలి, సరిపడా పెట్రోలు, సరైన సమయానికి నిప్పురవ్వ, లోపల తగినంత ఒత్తిడి. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో చెప్పుకుంటే లీటరు పెట్రోలు సుమారు 9 వేల లీటర్ల గాలిని తీసుకుంటుంది. అంత గాలి వెళ్ళే దారిలో కోతల కాలపు ఊక దుమ్ముతో నిండిన ఫిల్టరు ఉంటే బండికి పికప్ ఎందుకు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫిల్టరు తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తెలిసిపోతుంది.

ఇక మిస్సింగ్ సంగతి. మారుతి 800లో 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. స్లోలో నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కనుక సెకనుకి ఏడున్నర సార్లు. మూడూ కలిసి సెకనుకి ఇరవై రెండున్నర మంటలు. అంత వేగంగా వచ్చే తోపులు చేతికి విడివిడిగా తెలియవు, ఒకే సన్నటి అదురులా అనిపిస్తాయి. ఒక సిలిండరు మానేస్తే సెకనుకి ఏడున్నర సార్లు ఖాళీ వస్తుంది. స్టీరింగు మీద చెయ్యి వేస్తే ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. సైలెన్సర్ గొట్టం దగ్గర అరచెయ్యి కొంచెం ఎడంగా పెట్టి చూసినా తెలుస్తుంది. గాలి సమంగా రాకుండా తెరలు తెరలుగా వస్తూ, మధ్యలో ఒక తోపు తప్పిపోతుంటుంది.

మూడింటిలో ఏదో తేల్చడానికి పాత మేస్త్రీలు ఇప్పటికీ వాడే పద్ధతిని మించింది లేదు. ఇంజను ఆపి, ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దాని కొసని ఇంజను లోహానికి తగిలేలా ఆనించి, మళ్ళీ స్టార్ట్ చేసి వినాలి. బాగున్న సిలిండరు వైరు తీస్తే ఇంజను ఇంకా కుంటుతుంది. పాడైన సిలిండరు వైరు తీస్తే తేడా ఏమీ ఉండదు, అది ముందే పని చేయడం లేదు కనుక. ఇంజను నడుస్తుండగా చేత్తో వైరు లాగొద్దు. అందులో వేల వోల్టులుంటాయి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అసలు బానెట్ దగ్గరికే రాకూడదు. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండైతే ఈ పరీక్ష కొన్ని సెకన్లకు మించకూడదు. కాలని పెట్రోలు అందులోకి వెళ్ళి మండితే కన్వర్టర్ పాడవుతుంది. ఇంకో మాట, ఇవన్నీ ఆరుబయటే చేయాలి. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే చేరే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణం తీస్తుంది.

రెండో సిలిండరు అని తేలిందనుకోండి. దాని ప్లగ్గుని ఒకటో దానిలో, ఒకటో దాని ప్లగ్గుని రెండో దానిలో పెట్టండి. లోపం ఒకటో సిలిండరుకి మారితే ప్లగ్గుదే తప్పు. రెండులోనే ఉండిపోతే వైర్లు మార్చి చూడండి. అప్పుడూ కదలకపోతే లోపం లోపలిది కావచ్చు, ఒత్తిడి సరిగ్గా రావడం లేదేమో చూడాలి. ఒక్కసారికి ఒక్క మార్పే, ఆ తర్వాత బండి ఏం చెబుతుందో చూడాలి. ఈ నియమం మన చెరువు రైతులకి కొత్తది కాదు. తెల్లవారుజామున రొయ్య పైకి తేలితే అనుభవం ఉన్న రైతు ముందు నీళ్ళలో డీఓ (కరిగిన ఆక్సిజన్) చూస్తాడు. అది చూడకుండా నాలుగు రకాల మందులు ఒకేసారి చల్లితే ఏది పనిచేసిందో, ఏది డబ్బు దండగో ఎప్పటికీ తెలియదు. కారు విషయానికి వచ్చేసరికి మాత్రం ప్లగ్గులు, వైర్లు, కాయిల్, ఫిల్టరు అన్నీ ఒకే రోజు మార్పించేసే ఇళ్ళు ఎన్నో. అలా బాగైన బండికి అదే లోపం మళ్ళీ వస్తే వెతుకులాట మొదటికొస్తుంది.

ఊడదీసిన ప్లగ్గు ఎటూ చేతిలోనే ఉంటుంది కనుక దాని కొస చూడండి. లేత గోధుమరంగు, బూడిదరంగు ఉంటే మంట సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డుగా నూనె తడి ఉంటే రింగుల నుంచో వాల్వు సీళ్ళ నుంచో ఇంజనాయిల్ వస్తోంది. తెల్లగా కాలిపోయి ఉంటే పెట్రోలు తక్కువై వేడి మితిమీరింది.

మంచు రోజున వచ్చి ఎండకి మాయమయ్యే లోపానికి మళ్ళీ వద్దాం. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణతో కాయిల్ దాన్ని 15, 20 వేల వోల్టులకి పెంచుతుంది. బయట మామూలు గాలిలో నిప్పురవ్వ ఒక మిల్లీమీటరు ఖాళీని దూకాలంటే సుమారు 3 వేల వోల్టులు కావాలి. ప్లగ్గులో ఖాళీ మిల్లీమీటరుకి కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది. అయితే సిలిండరు లోపల గాలి బాగా నొక్కుకుని, చిక్కగా ఉంటుంది. గాలి ఎంత చిక్కనైతే దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి, పది వేలు దాటిపోతుంది. అదే సమయంలో డెల్కో మూత మీద, పాతబడి పగుళ్ళిచ్చిన వైర్ల మీద ఒక సన్నటి తడి పొర ఉందనుకోండి. దుమ్ముతో, మా వైపు గాలిలో ఉండే ఉప్పుతో కలిసిన తడి అది, విద్యుత్తుకి మంచి దారి. చిక్కటి గాలిని దూకడం కంటే ఆ పొర మీదుగా పక్కకి జారిపోవడమే కరెంటుకి సులువు. స్లోలో బాగానే ఉండి యాక్సిలరేటర్ తొక్కగానే మిస్సయ్యే బండి కథ కూడా ఇదే. తొక్కినప్పుడు సిలిండరులోకి గాలి ఎక్కువ వెళ్తుంది, దూకడం ఇంకా కష్టమవుతుంది. ప్లగ్గుని బయటకు తీసి రవ్వ చూసి "కరెంటు బాగానే వస్తోంది" అని తేల్చేయడం అందుకే చాలదు. బయట దూకిన రవ్వ లోపల దూకుతుందన్న హామీ లేదు.

దీన్ని పట్టే పరీక్ష నాకు చాలా ఇష్టం. చీకటి పడ్డాక, దీపాలార్పేసి, ఇంజను నడుస్తుండగా బానెట్ ఎత్తి దూరంగా నిలబడి చూడాలి. కరెంటు జారుతున్న చోట సన్నటి నీలి రవ్వలు మెరుస్తాయి. పొడి రోజైతే బట్టల ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో వైర్ల మీద, డెల్కో మూత మీద నీళ్ళ తుంపర కొట్టండి. డిసెంబరు మంచుని మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది. బండి కుంటడం మొదలుపెడితే లోపం దొరికినట్టే. రమ్మన్నప్పుడు వచ్చే లోపాన్ని ఏ మేస్త్రీకైనా చూపించొచ్చు. వైర్లు చూసేటప్పుడు పంటి గాట్ల కోసం కూడా వెతకండి. సార్వా కోతలయ్యాక పొలాల్లో ఎలుకలు ఇళ్ళ వైపు వస్తాయి, రాత్రి వెచ్చగా ఉండే బానెట్ కింద చేరి వైర్లు కొరుకుతాయి.

రెండో రకం పేచీ వాడకం తగ్గిన బండ్లది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్ళిద్దరే ఉన్న ఇళ్ళలో కారు నెలకోసారి కదిలితే గొప్ప. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలులో తేలికపాటి భాగం ఆవిరైపోతుంది. మిగిలింది బంకలా తయారై సన్నటి జెట్లను పూడుస్తుంది. అప్పుడు బండి చోకు లాగితే నడుస్తుంది, చోకు తోస్తే ఆగిపోతుంది. ఈ ఒక్క లక్షణమే చాలా చెబుతుంది. చోకు గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. అలా పెంచితేనే నడుస్తోందంటే మామూలప్పుడు పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో పగిలిన గొట్టం నుంచి దొంగగాలి లోపలికి వెళ్తోంది. ఆ గొట్టాల కీళ్ళ దగ్గర నీళ్ళ తుంపర కొట్టి చూడండి. పగులు తాత్కాలికంగా మూసుకుని ఇంజను చప్పుడు మారితే దొంగగాలి అక్కడే. ఇందుకు పెట్రోలు చల్లే వాళ్ళున్నారు. వేడి ఇంజను మీద అది చాలా ప్రమాదం, నీళ్ళతోనే పని జరుగుతుంది.

ఈ లోపాన్ని ఇప్పటి పెట్రోలు ఇంకాస్త పెంచింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక కిలోకి 9 కిలోల గాలే చాలు. 20 శాతం కలిసిన ఇంధనానికి సుమారు 13.5 కిలోలు. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి ఈ తేడాని పసిగట్టి ఇంధనం కొంచెం పెంచుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, పాత కొలతే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం పల్చబడుతుంది, జెట్టు కొంచెం పూడినా బండి తట్టుకోలేదు. పైగా ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డెల్టా గాలిలో నెలల తరబడి నిలబడ్డ ట్యాంకులో తగినంత నీరు చేరితే, నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగిపోతాయి. ఇంజను మొదట పీల్చేది అడుగున ఉన్నదాన్నే. నిలిపి ఉంచిన బండి స్టార్ట్ కాకపోతే ట్యాంకులోంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి పావుగంట కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే సంగతి తెలిసినట్టే. పాత రబ్బరు పైపులు కూడా ఇథనాల్‌కి ఉబ్బి మెత్తబడతాయి. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే ఇంకే పరీక్షా చేయొద్దు. ముందు పైపులు మార్పించాలి.

మే నెలలో ఏలూరు బజారులో ఆగిపోయి, అరగంట నీడలో ఉంచితే మళ్ళీ స్టార్టయ్యే బండికి రెండు కారణాలుండొచ్చు. పైపులో పెట్రోలు ఆవిరై పంపుకి అందకపోవడం ఒకటి, కాయిల్ వేడెక్కి లోపలి చుట్ట తెగిపోవడం ఇంకొకటి. రెండూ చల్లబడితే సర్దుకుంటాయి కనుక పైకి ఒకేలా ఉంటాయి. ఆగిపోయిన క్షణంలోనే తేడా పట్టాలి. అప్పుడు రవ్వ లేకపోతే కాయిల్ వైపు వెతకాలి. రవ్వ ఉంటే పంపు మీద తడిగుడ్డ వేసి చూడాలి. అరగంట ఆగి చూస్తే ఏ సాక్ష్యమూ మిగలదు.

నీటి విషయంలో మా వైపు ఎక్కువమందిని భయపెట్టే దృశ్యం ఒకటుంది. ఆయిల్ పోసే మూత తీస్తే కింద చిక్కటి మజ్జిగలాంటి నురగ. హెడ్ గాస్కెట్ పోయిందని ఎవరో చెబుతారు, వేలల్లో ఖర్చు కళ్ళముందు మెదులుతుంది. నిజానికి ఆ నీరు పెట్రోలు నుంచే రావచ్చు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చాలావరకు సైలెన్సర్ నుంచి ఆవిరిగా పోతుంది, చలిలో తెల్లటి పొగలా కనిపించేది అదే. కొంత రింగుల సందుల్లోంచి ఆయిల్ వైపు దిగుతుంది. బండి రోజూ ఇంటి నుంచి ఉండి సెంటరుకి వెళ్ళి రావడమే అయితే ఆయిల్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కదు, ఆ నీరు ఆవిరై పోదు, చల్లటి మూతకి పట్టి నూనెతో కలిసి నురగవుతుంది. అందుకని డిప్‌స్టిక్ తీసి చూడండి. దాని మీద నూనె శుభ్రంగా ఉండి, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గకుండా ఉంటే బండిని ఏలూరు దాకా ఒకసారి నడిపి తీసుకురండి. నురగ తగ్గిపోతుంది. డిప్‌స్టిక్ మీద కూడా మజ్జిగే ఉంటే, నీళ్ళు తగ్గుతుంటే, ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తుంటే అప్పుడు గాస్కెట్‌ని అనుమానించాలి.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయడం మాత్రం మానుకోవాలి. కొల్లేరు చుట్టుపక్కల, ఉప్పుటేరు పొడవునా భూగర్భజలం చాలాచోట్ల ఉప్పే. ఆ లవణాలు సన్నటి గొట్టాల్లో పెచ్చుకట్టి వేడిని ఆపుతాయి, అల్యూమినియాన్ని తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోస్తే ఆ బాధ లేదు. వేడిగా ఉన్నప్పుడు మూత ఎందుకు తీయకూడదో కూడా చెప్పుకోవాలి. మూత లోపల ఒత్తిడి నిలుపుతుంది కనుక నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు, సుమారు 118 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి ఆ నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

సెల్ఫ్ కొడితే టక్ మని ఆగిపోయే బండికి ఎక్కువమంది బ్యాటరీ మార్చేస్తారు. ముందు ఒక మల్టీమీటరు పెట్టి చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గర ఉంటే చాలావరకు ఖాళీ అయినట్టు. ఇంజను నడుస్తుండగా 14 దరిదాపుల్లో ఉంటే ఆల్టర్నేటర్ పనిచేస్తోంది. బ్యాటరీ నిండుగా ఉండి కూడా సెల్ఫ్ తిరగకపోతే టెర్మినల్ మీది తెల్లటి, పచ్చటి పొక్కు చూడండి. స్టార్టర్ 150 ఆంపియర్లు తీసుకుంటోందనుకుంటే ఆ పొక్కు 0.02 ఓముల అడ్డు పెట్టినా 3 వోల్టులు అక్కడే పోతాయి. గోరువెచ్చటి నీళ్ళలో వంటసోడా కలిపి కడిగితే చాలు.

మన చేతిలో ఉండి కూడా ఎవరూ చదవని కాగితం ఒకటుంది, పొల్యూషన్ సర్టిఫికెట్. అందులో రెండు అంకెలుంటాయి: కార్బన్ మోనాక్సైడ్ శాతంలో, హైడ్రోకార్బన్లు పీపీఎంలో. భారత్ స్టేజ్ 2కి ముందు తయారైన పెట్రోలు కార్లకి పరిమితి 3 శాతం, 1500 పీపీఎం. 2, 3 దశల వాటికి 0.5 శాతం, 750 పీపీఎం. పాసయ్యిందా లేదా అన్నది ఆర్‌టీఓకి కావాలి. మనకి కావలసింది ఆ అంకెలే. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువై సగం కాలి పోతోంది. అది తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు ఎక్కువుంటే పెట్రోలు కాలకుండానే బయటకి పోతోంది, ఎక్కడో సిలిండరు మిస్సవుతోంది. మిషను గొట్టం సైలెన్సర్‌లో సరిగ్గా పెట్టి కొలిపించుకోండి. పాత సర్టిఫికెట్లన్నీ దాచి అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే బండి ఆరోగ్యం ఎటు పోతోందో కనిపిస్తుంది.

వానాకాలంలో ఒక్క విషయంలో మాత్రం ఇంటి పరీక్షలన్నీ పక్కన పెట్టాలి. కొల్లేరు పొంగితే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళెక్కుతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కూడా చివరికి చేరేది కొల్లేరుకే. నీళ్ళలో ఆగిపోయిన బండికి మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు. మారుతి 800లో ఒక్కో సిలిండరు 265 సీసీ. పిస్టన్ పైకొచ్చేసరికి మిగిలే ఖాళీ 30, 35 మిల్లీలీటర్లే. అంతకుమించి నీళ్ళు చేరితే నీరు నొక్కుకోదు కనుక కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. ప్లగ్గులన్నీ తీసేసి, ఇంజనుని చేత్తో తిప్పి నీళ్ళు కక్కించి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి. ఇక ఏ కాలంలోనైనా ఆయిల్ దీపం ఆరకపోయినా, లోపల్నుంచి బరువైన సుత్తి దెబ్బల్లాంటి చప్పుడు వచ్చినా వెంటనే ఆపి మేస్త్రీని పిలవాల్సిందే. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ల జోలికీ ఇంట్లో వెళ్ళకూడదు.

సిలిండరు లోపలి ఒత్తిడి కొలిచే గేజి మాత్రం కొనుక్కోదగ్గదే, విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది. ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ కరెంటు ఆపి, గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్ల అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువుంటే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్ళీ కొలవండి. నూనె రింగుల సందుల్ని కాసేపు మూస్తుంది. అంకె పెరిగితే అరిగినవి రింగులు, పెరగకపోతే కారుతున్నవి వాల్వులు లేదా గాస్కెట్. ఇక మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, "రెండో సిలిండరండీ. ప్లగ్గు, వైరు మార్చి చూశాను, అక్కడే ఉంది. ఆయిల్ పోసినా ఒత్తిడి పెరగలేదు" అని చెప్పండి. ఆయన ఇంజను దించే మాట ఎత్తడు. హెడ్ ఒక్కటి విప్పి వాల్వులు చూస్తాడు.